ఒకే కొలతతో కొలుద్దాం: సంఘకాపరి నడవడి, స్వలింగ ప్రేమ, మన వాడ చర్చి

అశ్వారావుపేట చుట్టుపక్కల మాల, మాదిగ వాడల్లో చర్చి అంటే ఆదివారం ప్రార్థన ఒక్కటే కాదు. పెళ్ళి, చావు, తగాదా, పిల్లల చదువు అన్నీ దాని చుట్టూ తిరుగుతాయి. కాబట్టి సంఘకాపరి ఎలాంటి మనిషై ఉండాలనేది మనకు బతుకు ప్రశ్న. ఇలాంటి చర్చిల్లోనే డోలక్ వాయించే కుర్రవాణ్ణి, నడక చూసి 'ఆడంగి' అని వెక్కిరిస్తారు. వాడు పాట పాడొచ్చు, చాపలు పరవొచ్చు. సంఘ పెద్ద కావచ్చా అంటే మాత్రం బైబిలు తెరుస్తారు. తెరవనివ్వండి. అయితే మొత్తం చదవాలంటాం మేము.

ముందు అందులో ఏముందో చూద్దాం. లేవీయకాండం 18, 20 అధ్యాయాలు మగవాళ్ళ మధ్య లైంగిక సంబంధాన్ని నిషేధించాయి. రోమా పత్రిక మొదటి అధ్యాయంలో పౌలు ఆడవాళ్ళ మధ్య, మగవాళ్ళ మధ్య సంబంధాలు రెంటినీ తప్పుగానే చెప్పాడు. 1 కొరింథీ ఆరో అధ్యాయంలో దేవుని రాజ్యానికి అనర్హుల జాబితా ఉంది. తెలుగు బైబిలులో ఆడంగితనం, పురుషసంయోగులు అన్న మాటలు అక్కడ వస్తాయి. సొదొమ కథను కూడా చాలామంది చెబుతారు. కాని ఆ పట్టణం చేసిన పాపమేమిటో యెహెజ్కేలు 16:49 విప్పి చెప్పింది. గర్వం, తిండి పుష్టి, బీదలకు చెయ్యి అందించకపోవడం!

ఈ వాక్యాలను క్రైస్తవులు స్థూలంగా మూడు రకాలుగా చదువుతున్నారు. మొదటి పక్షం, వివాహం స్త్రీ పురుషులకే, తక్కినదంతా పాపమే అంటుంది. లేవీయ ధర్మశాస్త్రం చెల్లిపోయిందనుకున్నా పౌలు అదే మాట మళ్ళీ చెప్పాడు కదా అన్నది వీళ్ళ వాదం. ఇది తేలిగ్గా తోసెయ్యదగ్గ వాదం కాదు. రెండో పక్షం మనిషిని, క్రియను వేరుచేస్తుంది. 1992 నాటి కాథలిక్ సత్యోపదేశం ఈ దారిదే. క్రియను ఒప్పుకోదు, మనిషిని గౌరవించమంటుంది. అయినా 2005లో వాటికన్, ఈ స్వభావం లోతుగా ఉన్నవాళ్ళను గురువిద్యకు తీసుకోవద్దని ఆదేశించింది. గౌరవం గుమ్మం దాకా, పీఠం దాకా కాదన్నమాట. మూడో పక్షం, పౌలు ఎదుట ఉన్నది యజమాని బానిసను, పెద్దవాడు పసివాణ్ణి వాడుకునే లోకమని, ఇద్దరు సమానుల నమ్మకమైన బంధం గురించి ఆయన మాట్లాడలేదని అంటుంది. 1842లో గుంటూరులో మిషన్ పెట్టిన అమెరికా లూథరన్ల వారసులైన ఇ.ఎల్.సి.ఎ. సంఘం 2009లో అలాంటి బంధంలో ఉన్నవాళ్ళను పాస్టర్లుగా ఒప్పుకుంది. మన సి.ఎస్.ఐ. భాగమైన ఆంగ్లికన్ కుటుంబం మాత్రం 1998 లాంబెత్ మహాసభలో ఈ ఆచరణ లేఖనాలకు విరుద్ధమని తీర్మానించింది. అదే తీర్మానంలో స్వలింగ ప్రేమికుల అనుభవాన్ని వింటామని మాటిచ్చింది. మొదటి సగం అందరికీ గుర్తుంది. రెండో సగం ఎవరికి గుర్తుంది?

ఇక నాయకుల సంగతి. 1 తిమోతి 3వ అధ్యాయం అధ్యక్షునికి కొలతలు పెట్టింది. ఏకపత్నీవ్రతం, మితం, అతిథి మర్యాద ఉండాలి. తాగుబోతు, కొట్లాడేవాడు, ధనాశపరుడు కాకూడదు. వీటిలో పడకగదికి సంబంధించింది ఒక్కటే. తక్కినవి డబ్బు, అధికారం, నోటి దురుసు గురించి. కొరింథీ జాబితాలో సైతం ఆడంగితనం పక్కనే లోభులు, దూషకులు, దోచుకునేవాళ్ళు ఉన్నారు. అంటే డోలక్ కుర్రవాణ్ణి వెక్కిరించినవాడి పేరు కూడా ఆ వాక్యంలోనే ఉంది. కానుకల లెక్క చెప్పనివాణ్ణి, మాల మాదిగ తేడా చూసి ప్రభు బల్ల నడిపేవాణ్ణి, పెళ్ళాన్ని కొట్టేవాణ్ణి క్షమించి, ఒక్కణ్ణి మాత్రం వెలివేస్తే అది వాక్యం కాదు, పక్షపాతం.

మన ప్రాంతంలో ఈ కొలతకు చరిత్ర ఉంది. 1912లో దోర్నకల్‌లో మొదటి భారతీయ ఆంగ్లికన్ బిషప్పుగా బాధ్యత చేపట్టిన వి.ఎస్. అజరయ్య 1945లో చనిపోయేదాకా తాగుడు మీద, సంఘంలో కుల భేదం మీద పోరాడాడు. నాయకుడి నీతి అంటే సంఘమంతటి నీతి అని ఆ తరం నేర్చుకుంది.

చదివే పద్ధతి మారదా? మారింది. స్త్రీ బోధించకూడదని 1 తిమోతి 2వ అధ్యాయంలో ఉంది. ఏకపత్నీవ్రతం అన్న మాటను అక్షరాలా పట్టుకుంటే ఆడది అధ్యక్షురాలు కాలేదు. అయినా సి.ఎస్.ఐ. 1976 నుంచి స్త్రీలకు గురుత్వాభిషేకం ఇస్తోంది. 2013లో ఇ. పుష్పలలిత నంద్యాల బిషప్పు అయ్యారు. లేవీయకాండం 21 కుంటివాణ్ణి, గుడ్డివాణ్ణి బలిపీఠం దగ్గరికి రానివ్వదు. నేడు ఎవరు పాటిస్తున్నారు?

చట్టం సంగతీ చూడండి. 1860లో బ్రిటిషువాళ్ళు 377 సెక్షన్ రాశారు. ఇష్టపూర్వకంగా కలిసిన పెద్దవాళ్ళ విషయంలో దాన్ని సుప్రీంకోర్టు కొట్టివేసింది 2018లో. అంతకుముందు ఆ సెక్షన్ నిలవాలని కోర్టుకెళ్ళినవాళ్ళలో ఉత్కళ్ క్రైస్తవ మండలి లాంటి సంస్థలూ ఉన్నాయి. హిజ్రాల సంగతి వేరు గాని వెలి ఒకటే. నిజాం ఏలుబడిలో 1919 నాటి చట్టం ఆడవేషం వేసినందుకే వాళ్ళను వారంటు లేకుండా పట్టుకోనిచ్చింది. తెలంగాణ హైకోర్టు దాన్ని కొట్టేసింది 2023లో.

దళితులకు ఇది పరాయి గోల కాదు. పుట్టుకను బట్టి అంటు అని, గ్రంథం చూపించి గుడి బయట నిలబెట్టడమంటే ఏమిటో మనకు తెలుసు. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు వల్ల క్రైస్తవుడైన దళితుడికి ఎస్సీ హోదా పోయింది. అలాంటి ఇంట్లో పుట్టిన స్వలింగ ప్రేమికుడికి చర్చి కూడా తలుపేస్తే వాడెక్కడికి పోవాలి?

ఒక్క మాట స్పష్టంగా చెబుతాం. పిల్లలను, తన అధికారం కింద ఉన్నవాళ్ళను లైంగికంగా వాడుకునే నాయకుడు, ఆడవాళ్ళ జోలికెళ్ళినా మగవాళ్ళ జోలికెళ్ళినా, పీఠం దిగాల్సిందే. దాన్నీ ఇద్దరు పెద్దవాళ్ళ ప్రేమనీ ఒకే గాటన కట్టకూడదు. మొదటి పక్షం వాక్యాన్నే నమ్మే పెద్దలను కూడా మేము అడిగేది ఒకటే. వచ్చే సంఘ సమావేశంలో 1 తిమోతి 3 మొత్తం చదవండి, కానుకల పుస్తకం పక్కన పెట్టుకుని. ఆ కుర్రవాణ్ణి అతని పేరుతో పిలవండి. తర్వాత తీర్పు సంగతి మాట్లాడుకుందాం.