యాత్రాకాలమున చేతి ఫోను: గృహిణుల జాగ్రత్త

వేసవి సెలవులు వచ్చినతోడనే మా బుగ్గారములో ప్రతి యింటను ప్రయాణపు మాటలే వినవచ్చును. ధర్మపురి నృసింహస్వామిని, కొండగట్టు ఆంజనేయస్వామిని, వేములవాడ రాజన్నను దర్శించి వచ్చుటకు పెద్ద సన్నాహ మక్కఱలేదు. తిరుపతికో, కాశికో పోవలసి వచ్చినప్పుడు మాత్రము పది దినములు ముందుగనే పిండివంటలు, పక్కబట్టలు, ఇంటి తాళపుచెవులు అన్నియు గృహిణియే చూచుకొనవలసి యుండును.

పూర్వము మన అవ్వలు యాత్రకు బయలుదేరునపుడు రూకలను కొంగున ముడివేసి, ఆ కొంగును నడుమున దోపుకొనెడివారు. సత్రములో పరున్నను చేయి ఆ ముడిమీదనే యుండెడిది. నేడు ఆ కొంగుముడి ఫోనులోనికి పోయినది. బీడీలు చుట్టి కూడబెట్టిన కూలి, దుబాయినుండి కుమారుడు పంపిన సొమ్ము, బంధువుల నెంబర్లు, బిడ్డల చిత్తరువులు సమస్తమును అందే యున్నవి. ముడి కంటికి కనబడదు గనుక చేయి దానిమీద నుండుట లేదు. అందుచేతనే మేము ఈ నాలుగు మాటలు సోదరీమణులకు విన్నవించుచున్నాము.

దొంగ మనము రైలెక్కువఱకు వేచియుండడు. గది కొఱకు వెదకునాడే యెదురగును. ఫోనులో "తిరుమల గదులు" అని వెదకినచో మొట్టమొదట కనబడునది దేవస్థానమువారిదే యని నమ్మరాదు. డబ్బిచ్చి పైన పెట్టించుకొన్న ప్రకటన కావచ్చును. దేవుని బొమ్మ, గోపురము, ముద్ర అన్నియు అచ్చముగ నుండును. అందలి నెంబరునకు ఫోను చేసినచో నొకడు మిక్కిలి మర్యాదగా మాటలాడి, "అమ్మా, ఒక్క గదియే మిగిలినది, వెంటనే సొమ్ము పంపుడు" అని తొందరపెట్టును. పంపిన పిమ్మట, "పొరపాటైనది, తిరిగి యిచ్చెదము, ఈ లింకు నొక్కుడు" అని మిగిలినదియు లాగుకొనును. ఇది తఱచు నడచు మోసమే. 2023లో తిరుమల తిరుపతి దేవస్థానమువారు పోలీసులకు ఫిర్యాదు చేయునాటికి ఇట్టి నకిలీ వెబ్‌సైట్లు 41 లెక్కకు వచ్చెను. కేదారనాథపు హెలికాప్టరు టిక్కెట్ల పేరను, యాత్రాస్థలములలోని వసతిగృహముల పేరను జరుగు మోసములను గుఱించి కేంద్ర హోంశాఖకు చెందిన సైబర్ నేర సమన్వయ కేంద్రము 2025 ఏప్రిలులో ప్రజలను హెచ్చరించెను. కావున చిరునామా తుదిని చూడుడు. దేవస్థానమువారి వెబ్‌సైటు చిరునామా "ఏపీ డాట్ గవ్ డాట్ ఇన్" అని ముగియును. తెలియనిచో బిడ్డలచేత నైనను చదివించుకొని చూచినగాని పైకము పంపరాదు.

ఇక యూపీఐ మాట. రహస్యసంఖ్య మన సొమ్ము బయటికి పోవుటకే గాని, లోనికి వచ్చుటకు అక్కఱలేదు. "మీకు డబ్బు తిరిగి వచ్చును, పిన్ను కొట్టుడు" అని యెవ్వడైన ననినచో వాడు దొంగ యని యప్పుడే తెలిసికొనవలెను. ఓటీపీ యనునది పెట్టె తాళపుచెవి వంటిది. బ్యాంకు ఉద్యోగి నని చెప్పుకొన్నవానికిని దాని నీయరాదు. వాట్సాపులో టిక్కెట్టనియు, శుభలేఖ యనియు "ఏపీకే" యను తుది గల ఫైలు వచ్చినయెడల దానిని తెఱవక తీసివేయుడు. అట్టి ఫైలును ఫోనులో నెక్కించుకొన్నచో మనకు వచ్చు ఓటీపీలు వానికి చేరు ప్రమాదము కలదు.

దారిలో స్టేషనునందో, హోటలునందో ఉచిత వైఫై దొరకును. దానితో సినిమా చూడవచ్చును గాని బ్యాంకు పని చేయరాదు. నలుగురు నడచు బాటలో పెట్టె తెఱచి రూకలు లెక్కింపము గదా! సొమ్ము పనికి మన సిమ్ములోని డేటాయే మేలు. చార్జరు మనదే తీసికొని పోవలెను. గుడిముందర దిగిన చిత్తరువును ఆ క్షణముననే స్టేటస్సులో పెట్టుటయు మంచిది కాదు. ఇల్లు తాళము వేసియున్నదని ఊరంతయు చాటినట్లగును. ఇంటికి వచ్చి తీఱికగా పెట్టవచ్చును.

మఱియొక మోసము కలదు. ఏదో నెపముతో ఆఱంకెల కోడు అడిగి మన వాట్సాపును దొంగ తన వశము చేసికొని, "కాశిలో సంచి పోయినది, పదివేలు పంపుము" అని మన పేరనే అక్కచెల్లెండ్రకు వ్రాయును. కుమారుడు గల్ఫులో నున్న తల్లికి ఇట్టి వార్త చేరినచో ఆమె గుండె నిలుచునా? దీనికి ప్రయాణమునకు ముందే ఇంటివారందఱు ఒక గుఱుతు మాట ననుకొనవలెను. చిన్ననాటి ఆవుపేరైనను చాలును. సొమ్మడిగినవాడు ఆ మాట నోటితో చెప్పినగాని పైస పంపరాదు. వాట్సాపులో రెండవ రహస్యసంఖ్య పెట్టుకొను సదుపాయమును కలదు, దానిని మఱువరాదు.

ఇంత జాగ్రత్తపడినను ఒకొక్కప్పుడు మోసము జరుగును. చదువుకొన్న ఉద్యోగులే మోసపోవుచున్నారు. అయితే మన స్త్రీలకు మఱియొక కష్టము కలదు. అత్తగా రేమందురో, పెనిమిటి కోపించునో, ఇకమీదట ఫోను చేతి కిత్తురో ఈయరో యని భయపడి, సొమ్ము పోయిన సంగతి దాచుకొని లోలోన కుములుదురు. ఆ మౌనము దొంగకే మేలు చేయును. వాడు పైకమును ఒక ఖాతానుండి మఱియొక ఖాతాకు త్రిప్పుచుండును. వెంటనే 1930 నెంబరునకు ఫోను చేసినయెడల సొమ్ము చేరిన బ్యాంకునకు వర్తమానము పోవును. వాడు తీసికొనకముందే దానిని నిలిపివేయుట కవకాశ ముండును. ఆలసించినకొలది ఆ యాశ సన్నగిల్లును. మన బ్యాంకునకును ఆ క్షణముననే తెలుపవలెను. రహస్యసంఖ్య మనమే చెప్పియుండినను, తెలిపిన పిమ్మట పోయిన సొమ్మునకు బ్యాంకే బాధ్యత వహింపవలెనని రిజర్వు బ్యాంకు 2017లో నియమము చేసెను. దొంగలు పడిన ఆఱునెలలకు కుక్కలు మొఱిగిన నేమి లాభము? ఇంటి పెద్దలకు కూడ మా మనవి యొకటి: కోడలు తన పొరపాటును చెప్పుకొన వచ్చినపుడు ముందుగా 1930కి ఫోను చేయుడు, మందలింపు తరువాత చూచుకొనవచ్చును.

ఫోనే పోయినయెడల వెంటనే సిమ్మును ఆపించి, పోలీసులకు తెలిపి, కేంద్ర ప్రభుత్వపు సంచార్ సాథి వెబ్‌సైటులో ఆ ఫోనును పనిచేయకుండ కట్టివేయించవలెను. దానికి ఐఎంఈఐ యను పదునైదంకెల సంఖ్య కావలెను. *#06# అని నొక్కినచో అది కనబడును.

ఊరగాయ జాడీ కట్టకముందే ఒక చిన్న పుస్తకములో ఆ సంఖ్యయు, బ్యాంకు నెంబరును, 1930యు, ఇద్దఱు బంధువుల నెంబర్లును వ్రాసికొని, ఫోనుతో గాక వేఱే సంచిలో పెట్టుకొనుడు. పిన్ను మాత్రము అందు వ్రాయకుడు. ఈ పని కొక పావుగంట చాలును. పిదప నిశ్చింతగా స్వామిదర్శనము చేసికొని క్షేమముగా ఇల్లు చేరుదురుగాక!