ఆడిన ఎత్తు... ఎవరి సొత్తు?

రచ్చబండ మీద బొగ్గుతో గీసిన పులిజూదం గుర్తుందా? మూడు పులులు, పదిహేను మేకలు. చెవిటికల్లులో ఆడినా, అటు నందిగామలోనో జగ్గయ్యపేటలోనో ఆడినా ఓడినవాడి బాధ ఆ పూటకే. వానొస్తే గీతలు చెరిగిపోతాయి. ఎవరు ఏ మేకను ఎలా పోగొట్టుకున్నారో మర్నాటికి ఎవరికీ గుర్తుండదు.

చదరంగం అలా కాదు. అదే ఊరి పిల్ల బెజవాడ వెళ్లి క్లాసికల్ పోటీలో కూర్చుంటే వేసిన ప్రతి ఎత్తూ కాగితం మీద రాయాలి. తనదే కాదు, ఎదుటివారిదీ రాయాలి. అంతర్జాతీయ చదరంగ సమాఖ్య ‘ఫిడే’ నియమం అది. తీరా చూస్తే ఆ కాగితం రాసినవాళ్లది కాదు... పోటీ నిర్వాహకులది! వాళ్లు తలచుకుంటే ఆట ఇంటర్నెట్‌కి ఎక్కుతుంది. ఎక్కిందా... పదేళ్లప్పుడు ఏడుస్తూ ఓడిన ఆట పాతికేళ్లు వచ్చినా అక్కడే ఉంటుంది.

ఇది మంచికా, చెడుకా?

ఇంట్లోకే పాఠశాల

ముందు మంచి చెప్పుకోవాలి. గుడివాడలో పుట్టిన కోనేరు హంపి 2002లో పదిహేనేళ్లకే గ్రాండ్‌మాస్టరై జూడిత్ పోల్గార్ రికార్డును దాటేసింది. 2019లోనూ 2024లోనూ ప్రపంచ ర్యాపిడ్ కిరీటం గెలిచింది. ఆమె ఆటలూ, గుంటూరు బిడ్డలు ద్రోణవల్లి హారిక, పెంటేల హరికృష్ణల ఆటలూ పైసా ఖర్చు లేకుండా దొరుకుతాయి. బ్రిటన్‌కు చెందిన మార్క్ క్రౌథర్ 1994 నుంచి ప్రపంచంలోని ముఖ్యమైన పోటీల ఆటలను వారం వారం అందిస్తూ వస్తున్నాడు. ఖరీదైన కోచ్‌ని పెట్టుకోలేని పల్లెటూరి పిల్లలకు ఇంతకంటే పెద్ద బడి ఏముంది?

చెడు సంగతికొస్తే... 1985లో హాంబర్గ్‌లో ఎనిమిది మందితో ఒకేసారి ఆడిన కాస్పరోవ్ ఓడిపోయాడు. 1987లో మళ్లీ వెళ్లాడు. ఈసారి ముందే కంప్యూటర్లో వాళ్ల పాత ఆటలన్నీ తిరగేశాడు. ఫలితం 7-1! పదేళ్లు తిరిగేసరికి కథ అడ్డం తిరిగింది. 1997లో ఐబీఎం కంప్యూటర్ డీప్ బ్లూతో తలపడినప్పుడు కాస్పరోవ్ ఆటలన్నీ లోకానికి తెలుసు. డీప్ బ్లూ ఆటలు మాత్రం ఆయనకివ్వలేదు. ఆ మ్యాచ్‌లో ఆయన ఓడిపోయాడు. ఒకరిది తెరిచిన పుస్తకం, ఇంకొకరిది మూసిన పిడికిలి అయితే పోటీ సమానమెలా అవుతుంది?

కోర్టు మెట్లెక్కిన ఎత్తులు

2016లో కార్ల్‌సన్, కర్యాకిన్‌ల ప్రపంచ పోరు న్యూయార్క్‌లో జరిగింది. ఎత్తులను తమ అనుమతి లేకుండా వేరే వెబ్‌సైట్లు చూపించకూడదని నిర్వాహక సంస్థ ఆగాన్ కోర్టుకెక్కింది. న్యాయమూర్తి ఒప్పుకోలేదు. అంతకుముందు మాస్కో కోర్టులోనూ ఆ సంస్థకు చుక్కెదురైంది. క్రికెట్ స్కోరు ఎలాగో గుర్రం ఏ గడిలోకి దూకిందన్నదీ అలాగే... జరిగిన సంగతి. జరిగినదాన్ని చెప్పడానికి ఒకరి అనుమతి ఎందుకు?

మరి ఆడని ఎత్తులో? అవి వంటింటి రహస్యాలు. 2024 డిసెంబరులో డింగ్ లిరెన్‌ని ఓడించి ప్రపంచ విజేత అయిన చెన్నై తెలుగు కుర్రాడు దొమ్మరాజు గుకేశ్, తన వెనక పనిచేసిన వాళ్ల పేర్లు గెలిచాకే బయటపెట్టాడు. అందులో మన హరికృష్ణ ఒకడు! అదే డింగ్‌కి 2023లో మరోలా జరిగింది. నెపోమ్నియాషితో ప్రపంచ పోరు నడుస్తుండగానే ఇంటర్నెట్‌లో మారుపేర్లతో ఉన్న సాధన ఆటలు కొన్ని బయటపడ్డాయి. అవి డింగ్, ఆయన సహాయకుడు రాపోర్ట్ ఆడినవేనని చదరంగ లోకం కోడై కూసింది. అయినా డింగే గెలిచాడనుకోండి!

పాచికలతో ఆడే బ్యాక్‌గామన్‌లో ఈ గుబులు ఇంకాస్త ఎక్కువ. అక్కడ ఓడితే ‘పాచిక పడలేద’ని సర్దుకోవచ్చు. కానీ ఆట మొత్తం రికార్డు చేసి కంప్యూటర్‌కిస్తే, పాచికను పక్కనపెట్టి మనిషి చేసిన తప్పులెన్నో అంకె వేసి మరీ చెబుతుంది. అదృష్టం మీదికి నెట్టే వీలే ఉండదు.

అమ్మానాన్నలూ వినండి!

ఎత్తులు దాచడం మన చేతుల్లో లేదు. దాచాల్సిన పనీ లేదు. నలుగురి ఆటలూ చూసి నేర్చుకుంటూ మన ఆట మాత్రం ఎవరూ చూడొద్దంటే న్యాయం కాదు. దాచాల్సింది పిల్లల వివరాలు. ఇంటర్నెట్‌లో సాధన ఆటలకు అసలు పేరు వద్దు. బడి పేరు, ఊరి పేరు, ఫొటో అసలే వద్దు. లైచెస్ లాంటి ఉచిత సైట్‌లో రేటింగ్ కోసం ఆడిన ప్రతి ఆటా ఎవరైనా తీసుకోవచ్చు. కాబట్టి పోటీకి దాచుకున్న కొత్త ఎత్తును అక్కడ ప్రయోగించకపోవడమే మేలు. పోటీలో పేరిచ్చేముందు ‘ఆటలు ఎక్కడ పెడతారు, పిల్లల ఫొటోలు కూడా పెడతారా’ అని నిర్వాహకుల్ని అడగండి. అడగడం తప్పేం కాదు.

ఓడిన ఆట లోకానికి తెలిసిందని పిల్లలు ముడుచుకుపోతే మాత్రం ఓ మాట చెప్పండి. హంపి ఓడిన ఆటలు కూడా అక్కడే ఉన్నాయి. వాటిని ఎవరూ చెరపలేదు. అవి ఉండగానే ఆమె ప్రపంచ విజేత అయింది!