సిరలో నెక్కించు క్రొవ్వు – కాలేయ సంరక్షణము

బిలాసపురము రైలుబండ్ల ఊరు. 2003 నుండి దక్షిణ పూర్వ మధ్య రైల్వేకు ప్రధాన స్థానము. రైల్వే కొలువుల వెంట వచ్చిన తెలుగు కుటుంబములు అచ్చట తరతరములుగా నున్నవి. ఆ ఊరి కుదుదండ్ పేటలో ఒక యింట నెలలు నిండని శిశువు జన్మించినదనుకొనుడు. ప్రేవు మెలిపడి చెడిపోగా వైద్యులు అందు చాల భాగమును కోసి తీసివేసిరి. తల్లిపా లెన్ని పట్టినను ఒంట బట్టవు. ఇక ఆ బిడ్డకు ఆహారము సిర ద్వారమున పోవలసినదే.

బంధువులు చూచి “సెలైను ఎక్కించుచున్నారు” అందురు. కాని పాలవలె తెల్లనైన ఆ ద్రవము ఉప్పునీరు కాదు, క్రొవ్వు. నూనెను ఉన్నదున్నట్లు నెత్తుటిలోనికి పంపినచో దాని బొట్లు ఊపిరితిత్తుల సన్నని నాళములలో అడ్డుపడి ప్రాణము తీయును. కనుక దానిని అతి సూక్ష్మమైన బిందువులుగా విరుగగొట్టి నీటిలో కలుపుదురు. 1950 తరువాత అమెరికాలో పత్తిగింజల నూనెతో ఇట్టి మందు చేయగా జ్వరము, కామెర్లు కలిగినందున 1960వ దశకములో దానిని విడిచిపెట్టిరి. ఆ దశకపు తొలినాళ్లలోనే స్వీడనుకు చెందిన ఆర్విడ్ వ్రెట్లిండ్ సోయాచిక్కుడు నూనెను, గ్రుడ్డుసొన నుండి తీసిన లెసిథిన్‌ను కలిపి నిరపాయకరమైన ద్రవమును సిద్ధపరచెను. 1968లో ఫిలడెల్ఫియా వైద్యులు విల్మోర్, డడ్రిక్ సిరాహారముతో ఒక శిశువు పెరిగిన వృత్తాంతమును ప్రకటించిరి.

క్రొవ్వు మానరాదా యని అడుగవచ్చును. మానరాదు. గ్రాము క్రొవ్వు 9 కేలరీల శక్తినిచ్చును. శరీరము తాను తయారుచేసికొనలేని క్రొవ్వు ఆమ్లములు అందే యున్నవి. అవి లేనిచో చర్మము పొట్టురాలును, గాయములు మానవు. దానికి బదులు గ్లూకోజును అతిగా నెక్కించినచో అదియే క్రొవ్వుగా మారి కాలేయమున పేరుకొనును.

చిక్కంతయు ఇచ్చటనే యున్నది. సిరాహారము వారముల తరబడి సాగినపుడు కొందరు శిశువులలో పైత్యరసము కాలేయము నుండి సరిగా పారక నిలిచిపోవును. సోయానూనెలోని మొక్కల స్టెరాలులు ఆ ప్రవాహమునకు అడ్డు తగులును. అందలి ఒమేగా-6 క్రొవ్వులు వాపును పెంచునవి. అయినను నేరమంతయు నూనెపై మోపుట న్యాయము కాదు. నోట ఆహారము పడనపుడు పిత్తాశయము ముడుచుకొనదు. సిరలోని గొట్టము ద్వారా సూక్ష్మజీవులు చొరబడినను కాలేయము దెబ్బతినును.

2000 సంవత్సరములో ఫ్రెంచి వైద్యులు దీర్ఘకాలము సిరాహారము తీసికొన్న పెద్దవారిని పరిశీలించి, దినమునకు దేహపు ప్రతి కిలోకు 1 గ్రాము మించిన క్రొవ్వు కాలేయవ్యాధితో ముడిపడియున్నదని తెలిపిరి. శిశువుల విషయము కష్టతరము. మోతాదు మితిమీరి తగ్గించిన ఎదుగుదల కుంటుపడును. 2004 నుండి బోస్టను బాలల ఆసుపత్రి వైద్యులు సోయానూనెను మాని చేపనూనెను కిలోకు 1 గ్రాము చొప్పున వాడిరి. అనేక శిశువులకు పచ్చదనము విరిగినది. 2018లో అమెరికా ప్రభుత్వము దీనికి అనుమతినిచ్చినది. అయితే నెత్తుటి పరీక్ష బాగుపడినంత మాత్రమున కాలేయములో అప్పటికే పడిన మచ్చలు మాయమగునని తలపరాదు. సోయా 30, కొబ్బరివంటి నూనెల క్రొవ్వు 30, ఆలివు 25, చేపనూనె 15 పాళ్లుగా కలిపిన మిశ్రమమును నేడు పలుచోట్ల వాడుచున్నారు.

తల్లి చేయదగినదియు కలదు. వైద్యుడు సమ్మతించినచో చెంచాడు పాలైనను నోట పట్టవలెను. అది ప్రేవును మేల్కొలుపును. గొట్టమును ముట్టుటకు ముందు చేతులు సబ్బుతో కడుగవలెను. ద్రవముపై నూనె తేలినచో ఆ సంచిని వాడరాదు. బొట్ల వేగమును ఇంటివారు మార్చరాదు. జ్వరము వచ్చినను, కన్నులు పచ్చబడినను, మూత్రము ముదురు రంగైనను, మలము సున్నమువలె తెల్లబడినను ఆ దినముననే ఆసుపత్రికి పోవలెను. కామెర్లన్నంతనే ఆకుపసరు పోయుట మనవారి అలవాటు. ఈ బిడ్డకు అది కూడదు.

ఎంత జాగ్రత్తపడినను కొందరికి సిరాహారము చాలకాలము సాగదు. అట్టివారికి ప్రేవు మార్పిడి యొక త్రోవ. 2025 ఏప్రిలులో హైదరాబాదు ఉస్మానియా ప్రభుత్వ ఆసుపత్రిలో ప్రేవు కురచయైన రోగికి, మరణించిన దాత చిన్నప్రేవును అమర్చిరి.