పుట్టగొడుగులు - ఎండ - ఎముకలు

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ప్రాంతములలో వర్షము తక్కువ. అయినను మంచి వాన కురిసినచో చెదపుట్టలపై గొడుగులు తలయెత్తును. ఇవి శిలీంధ్రములు, పుట్ట లోపల చెదలే వీనిని పెంచును.

పుట్టగొడుగులలో ఎర్గోస్టెరాల్ అను పదార్థము గలదు. సూర్యుని అతినీలలోహిత కిరణములు సోకినచో అది విటమిన్-డి2గా మారును. ఆహారములోని కాల్షియమును శరీరము గ్రహించి ఎముకలకు అందించుటకు ఈ విటమిను అవసరము. ధర్మవరములో పగలంతయు మగ్గపు గుంటలో కాళ్ళుంచి పట్టుచీరలు నేయువారికి ఎండ తగులుట అరుదు. అంగడిలో దొరకు తినదగిన పుట్టగొడుగులను ముక్కలుగా కోసి, మధ్యాహ్నపుటెండలో అరగంట ఉంచి వండుకొనుట మేలు.

పుట్టగొడుగుల పొడులు, మాత్రలు క్యాన్సరు వంటి వ్యాధులను నయము చేయునను ప్రకటనలకు చాలినంత ఋజువు లేదు. గుర్తు తెలియని గొడుగును తినరాదు. కొన్నిటి విషము ఎంత ఉడికించినను పోదు.