బండి పాతదే... గుండె మారిస్తే!

ఇంటికొచ్చిన తొలి కారు. పిల్లల్ని బడి దగ్గర దింపింది. ఇంటిల్లిపాదినీ తిరుపతి తీసుకెళ్లింది. అలాంటి మారుతీ 800 ఓ మండుటెండ వేళ నడిరోడ్డు మీద ఆవిర్లు కక్కుతూ ఆగిపోయింది. మెకానిక్ బానెట్ ఎత్తి చూసి పెదవి విరిచాడు... 'ఇంజిన్ పోయింది సార్!'

అమ్ముదామంటే ధర రాదు, మనసూ ఒప్పదు. అప్పుడు తోచే దారి సెకండ్‌హ్యాండ్ ఇంజిన్. విజయవాడ ఆటోనగర్, చెన్నై పుదుప్పేట, ఢిల్లీ మాయాపురి లాంటిచోట్ల తుక్కు బళ్ల నుంచి విప్పిన ఇంజిన్లు దొరుకుతాయి. దొరకడం తేలికే. మన బండికి కుదిరేది ఎంచుకోవడమే కష్టం.

సీసీ ఒకటైతే చాలదు

1983 చివర్లో మొదలైన మారుతీ 800 తయారీ 2014లో ఆగింది. అన్నేళ్లూ ఇంజిన్ 796 సీసీయే. అలాగని ఏదైనా సరిపోదు. మొదట్లో వచ్చినవి కార్బ్యురేటర్ బళ్లు. ఆ తర్వాత ఎంపీఎఫ్ఐ వచ్చింది. సిలిండర్‌కి రెండు వాల్వులున్నవీ ఉన్నాయి, నాలుగున్నవీ ఉన్నాయి. కార్బ్యురేటర్ బండికి ఎంపీఎఫ్ఐ ఇంజిన్ పెట్టాలంటే కంప్యూటర్, సెన్సర్లు, వైరింగ్, ట్యాంకులో ఎలక్ట్రిక్ పంపు అన్నీ మార్చాలి. ఓమ్నీదీ 796 సీసీయే. కానీ అందులో ఇంజిన్ సీటు కింద నిలువుగా ఉండి వెనక చక్రాల్ని తిప్పుతుంది. 800లో ముందు అడ్డంగా ఉండి ముందు చక్రాల్ని తిప్పుతుంది. కాబట్టి బిగింపులు వేరు, గేర్‌బాక్స్ వేరు. అందుకే ఇంజిన్ కోడ్, తయారైన ఏడాది, మౌంటింగులు, గేర్‌బాక్స్ కలిసే చోటు... అన్నీ పాతదాని పక్కన పెట్టి సరిచూసుకోవాలి.

పైన రంగు... లోపల?

పెయింటు తళతళలు చూసి మోసపోవద్దు. ఆయిల్ మూత తీసి చూడండి. మీగడలాంటి తెల్లటి జిగురు ఉంటే ఆయిల్లో నీళ్లు కలిశాయేమోనని అనుమానించాల్సిందే. స్పార్క్ ప్లగ్గులు నూనెతో తడిసి ఉన్నా మంచిది కాదు. స్టార్ట్ చేసి చూపించమనండి. నీలం పొగ వస్తే ఆయిల్ కాలుతోందని అర్థం. వేడెక్కాక కూడా తెల్ల పొగ ఆగకపోతే నీళ్లు లోపలికి పోతున్నట్టే. అన్నింటికన్నా ముఖ్యం కంప్రెషన్ పరీక్ష. మూడు సిలిండర్ల రీడింగులూ దాదాపు ఒకేలా ఉండాలి. ఒకటి బాగా తగ్గితే ఆ ఇంజిన్ వద్దు.

నంబరే సాక్షి

ఇంజిన్ నంబరు అరగదీసినట్టో, మళ్లీ కొట్టినట్టో కనిపిస్తే ఎంత చవగ్గా వచ్చినా ముట్టుకోవద్దు. అది దొంగబండిదైతే పోలీస్‌స్టేషన్ చుట్టూ తిరగాల్సింది కొన్నవాళ్లే. నంబరు రాసిన బిల్లు, తీసిన బండి ఆర్‌సీ నకలు తీసుకోవాలి. ఇంజిన్ మార్చేముందే ఆర్టీఓ కార్యాలయంలో అడగడం మేలు. మార్చాక 14 రోజుల్లోగా తెలియజేసి ఆర్‌సీలో కొత్త నంబరు ఎక్కించుకోవాలి. బండి మీద అప్పుంటే ఫైనాన్స్ సంస్థ అనుమతీ కావాలి. బీమా సంస్థకీ చెప్పాలి. లేకపోతే 15 ఏళ్లు దాటిన బండి రిజిస్ట్రేషన్ పొడిగింపు దగ్గరా, ప్రమాదం జరిగినప్పుడు క్లెయిమ్ దగ్గరా చిక్కులే.

బిగించే ముందు...

ఇంజిన్ బయటున్నప్పుడే టైమింగ్ బెల్టు, వాటర్ పంపు, ఆయిల్ సీళ్లు, క్లచ్ ప్లేటు మార్పిస్తే కూలీ కలిసొస్తుంది. పాత ఇంజిన్ ఎందుకు పోయిందో కూడా తేల్చాలి. రేడియేటర్ పూడుకుపోయి ఉంటే, దాన్ని అలాగే వదిలేస్తే కొత్తగా పెట్టిందీ అదే దారి పడుతుంది.

ఇంకోమాట. పాత ఇంజిన్ బ్లాకు బాగుంటే బోరు చేయించి, పిస్టన్లు మార్పించడం మరో దారి. నంబరు మారదు, కాగితాల గొడవా ఉండదు. రెండు ఖర్చులూ రాయించుకుని, బాడీకి ఎంత తుప్పు పట్టిందో చూసుకుని, అప్పుడు నిర్ణయించుకోండి. గుండె మార్చినా ఒళ్లు నిలవాలి కదా!