దాఖలు చేసేముందు ఒక్కసారి...

మా నిజాంపట్నం రేవులో పడవల రంగులు అమ్మే కొట్టు ఒకటి ఉందనుకోండి. పద్దులు చూసేది ఇల్లాలే. రూ. 4,500 బిల్లును పొరపాటున 45,000 అని ఎక్కించింది. 18 శాతం చొప్పున రూ. 810 కావలసిన పన్ను 8,100 అయి కూర్చుంది! రాష్ట్రంలోనే అమ్మిన సరుకు గనక అందులో సగం రాష్ట్రానికి, సగం కేంద్రానికి.

ఇప్పుడేం చెయ్యాలి? కంగారు పడనక్కరలేదు. నెలనెలా రిటర్ను వేసేవారు అమ్మకాల వివరాలు, అంటే జి.ఎస్‌.టి.ఆర్‌-1, మరుసటి నెల 11వ తేదీలోగా ఇవ్వాలి. అది దాఖలు కాకముందైతే ఆ బిల్లునే తెరిచి దిద్దుకోవచ్చు. దాఖలైపోయిందా, 1ఏ అనే ఫారం ఉంది. 2024 ఆగస్టులో వచ్చింది. నెలకు ఒక్కసారే, అదీ 3బి దాఖలు చెయ్యకముందే వాడుకోవాలి. కొన్నవారి జి.ఎస్‌.టి. నంబరు తప్పు పడితే మాత్రం ఇది పనికిరాదు; తర్వాతి నెల జి.ఎస్‌.టి.ఆర్‌-1లో సరిచెయ్యాలి.

పన్ను కట్టే 3బికి గడువు 20వ తేదీ. దాన్ని ఒకసారి దాఖలు చేశామంటే వెనక్కి తీసుకుని దిద్దడం కుదరదు. సవరణ తర్వాతి నెలకు పడుతుంది, సొమ్ము అందాకా ఇరుక్కుంటుంది.

అందుచేత చిత్తుప్రతి తీసి, బిల్లు పుస్తకం పక్కన పెట్టుకుని, అంకె అంకె సరిచూసుకున్నాకే దాఖలు చెయ్యండి. ఎసట్లో పొయ్యకముందే గదా బియ్యంలో రాళ్ళు ఏరుకుంటాం!