పేస్‌మేకర్‌కూ కాపలా కావాలి!

గుండెకు అమర్చే పేస్‌మేకర్‌ కూడా ఒక చిన్న కంప్యూటరే. దాన్నీ హ్యాక్‌ చేయొచ్చా? చేయొచ్చనే 2017 ఆగస్టులో అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ హెచ్చరించింది. అబాట్‌ కంపెనీకి చెందిన దాదాపు 4.65 లక్షల పేస్‌మేకర్లలో భద్రతా లోపం బయటపడింది. దగ్గర్లో ఉన్న వ్యక్తి రేడియో సంకేతాలతో బ్యాటరీని త్వరగా ఖాళీ చేయొచ్చు, గుండె వేగాన్నీ మార్చొచ్చు. అదృష్టవశాత్తూ ఎవరికీ హాని జరిగినట్లు సమాచారం లేదు.

మరి సరిచేయడం ఎలా? ఫోన్‌లా ఇంట్లో కూర్చుని అప్‌డేట్‌ కొట్టే వీల్లేదు. రోగి ఆసుపత్రికి వెళ్లాలి. అప్‌డేట్‌ జరిగే ఆ మూడు నిమిషాలూ పరికరం బ్యాకప్‌ మోడ్‌లో గుండెను నడపాలి. మామూలు ఐటీ సెక్యూరిటీకీ, దీనికీ తేడా ఇదే.

మన పక్కనే అవకాశం

సంగారెడ్డి జిల్లా కొండాపూర్‌, పటాన్‌చెరు ప్రాంతాల విద్యార్థులకు ఇదేదో దూరపు ముచ్చట కాదు. అమీన్‌పూర్‌ మండలం సుల్తాన్‌పూర్‌లో వైద్య పరికరాల పార్కుకు 2017లోనే శంకుస్థాపన జరిగింది. అక్కడ తయారయ్యే ప్రతిదానికీ ఈ ముప్పు ఉండదు. స్టెంట్‌నే తీసుకోండి, అందులో సాఫ్ట్‌వేరే లేదు. నెట్‌వర్క్‌కు కలిసే మానిటర్లు, ఇన్‌ఫ్యూజన్‌ పంపులు, వెంటిలేటర్లతోనే చిక్కంతా.

2023 మార్చి నుంచి అమెరికా చట్టం మారింది. నెట్‌కు కలిసే కొత్త పరికరానికి అనుమతి కావాలంటే, అందులో వాడిన సాఫ్ట్‌వేర్‌ భాగాల జాబితా (ఎస్‌బామ్‌) ఇవ్వాలి. లోపాలు బయటపడితే ఎలా సరిచేస్తారో ప్రణాళికా చూపాలి. అక్కడికి ఎగుమతి చేయాలనుకునే కంపెనీకి ఈ పని చేసేవాళ్లు కావాల్సిందే.

ఏం నేర్చుకోవాలి?

* సీ భాష, ఎంబెడెడ్‌ సిస్టమ్స్‌, బ్లూటూత్‌, టీసీపీ/ఐపీ బేసిక్స్‌. ఈసీఈ, బయోమెడికల్‌ వాళ్లకు సగం దారి ఇప్పటికే తెలుసు.
* వైర్‌షార్క్‌తో నెట్‌వర్క్‌ ట్రాఫిక్‌ చదవడం. కాంటెక్‌ సీఎంఎస్‌8000 పేషెంట్‌ మానిటర్‌ రోగి వివరాలను ముందే రాసిపెట్టిన ఒక ఐపీ అడ్రస్‌కు పంపుతోందని 2025 జనవరిలో అమెరికా సంస్థలు ప్రకటించాయి. డేటా ఎక్కడికి పోతోందో చూసే అలవాటుంటేనే ఇలాంటివి దొరుకుతాయి.
* రిస్క్‌ మేనేజ్‌మెంట్‌కు ఐఎస్‌ఓ 14971, సాఫ్ట్‌వేర్‌కు ఐఈసీ 62304 ప్రమాణాలు. వీటి గురించి నాలుగు మాటలు చెప్పగలిగినా ఇంటర్వ్యూలో ప్రత్యేకంగా కనిపిస్తారు.

ప్రాజెక్టు ఇలా చేయండి

ఈఎస్‌పీ32 బోర్డుతో చిన్న పల్స్‌ మీటర్‌ చేయండి. ముందు ఎన్‌క్రిప్షన్‌ లేకుండా డేటా పంపి, వైర్‌షార్క్‌లో అది బట్టబయలుగా కనిపించడం చూడండి. తర్వాత టీఎల్‌ఎస్‌ పెట్టి తేడా రాయండి. వాడిన లైబ్రరీలతో ఎస్‌బామ్‌ తయారుచేసి గిట్‌హబ్‌లో పెట్టండి.

ఒక్క జాగ్రత్త: ఆసుపత్రి పరికరాల జోలికి అనుమతి లేకుండా వెళ్లొద్దు. ఐటీ చట్టం సెక్షన్‌ 66 కింద మూడేళ్ల వరకు జైలు పడొచ్చు. అంతకు మించి, అవతల తీగలకు కట్టి ఉన్నది ఒక ప్రాణం.

ఫ్రెషర్లకు నేరుగా ‘ప్రొడక్ట్‌ సెక్యూరిటీ ఇంజినీర్‌’ అనే హోదా దొరకడం కష్టమే. ఎంబెడెడ్‌ టెస్టింగ్‌, వెరిఫికేషన్‌ ఉద్యోగాలతో లోపలికి వెళ్లండి. అక్కడి నుంచి దారి ఉంది.